మే నెల దాటితేనే అది 450

కంప్యూటర్ క్యాబినెట్ ముందు ఎర్రగానో పచ్చగానో వెలిగే రెండంకెల డిస్‌ప్లే 486 ప్రాసెసర్ల కాలం వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. టర్బో బటన్ నొక్కితే 33 కాస్తా 66 అయ్యేది, మెగాహెర్ట్జ్‌లలో ప్రాసెసర్ వేగమన్నమాట. చూసేవాళ్లకు అదో గొప్ప. నిజానికి ఆ అంకె దేన్నీ కొలిచేది కాదు. డిస్‌ప్లే వెనక చిన్న బోర్డు, దాని నిండా జంపర్లు, అంటే పిన్నులను జతగా కలిపే చిన్న తొడుగులు. ఏ గీత వెలగాలో, ఏది ఆరాలో ఆ జంపర్లే చెప్పేవి. అసెంబుల్ చేసినవాడు 99 పెడితే 99 వెలిగేది, అడిగేవాడు లేడు. ప్రాసెసర్ లోపల ఎంత మీద తిరుగుతోందో తెలుసుకోవాలంటే బూట్ అయ్యేటప్పుడు తెర మీద రెండు క్షణాలు కనబడి మాయమయ్యే బయాస్ (కంప్యూటర్‌ని మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) లైనే దిక్కు. దాన్ని చదవడానికి పాజ్ కీ నొక్కి ఆపేవాళ్లం.

అసలు లెక్క చిన్నది. మదర్‌బోర్డు ఇచ్చే బస్ క్లాక్ (ప్రాసెసర్‌కి, మిగతా భాగాలకు మధ్య దారి నడిచే వేగం) ఒకటి, ప్రాసెసర్ దాన్ని ఎన్ని రెట్లు చేసుకుంటుందన్న మల్టిప్లయర్ ఒకటి. 486 డీఎక్స్2 అంటే 33 ఇంటూ 2, పెంటియం 100 అంటే 66 ఇంటూ 1.5. ఇంటెల్ చవక ప్రాసెసర్ సెలెరాన్ 300ఏ అంటే 66 ఇంటూ 4.5. వేగం పెరగాలంటే ఈ రెండింట్లో ఒకటి పెరగాలి. గుణకారం అందరికీ వచ్చు. ఆ గుణకారం హైదరాబాద్ మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, ఫ్యాన్ కింద కూర్చున్న సిస్టమ్‌లో నిలబడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

1998 నాటికి ఊళ్లో వాతావరణమే మారిపోయింది. ఆ ఏడాది నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ ఒరాకిల్, వీబీ, జావా బోర్డులే. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నది ఇంటికొచ్చి ప్రాక్టీస్ చేద్దామంటే ఇంట్లో ఉన్నది పెంటియం 100, 16 ఎంబీ ర్యామ్. విజువల్ బేసిక్ 6 తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. కొత్త సిస్టమ్ కొనడం మధ్యతరగతి ఇంటికి మాటలు కాదు. అందుకని పాత ప్రాసెసర్ జేబులో వేసుకుని, ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ పిలిచే సీటీసీకి నడక. గాజు కౌంటర్ల మీద ఆ రోజు రేట్ల కాగితం అంటించి ఉండేది. నిన్నటి రేటు ఇవాళ పలకదు. కొత్త సరుకుకి వారంటీ, పాతదానికి ‘టెస్టింగ్ వారంటీ’. అంటే కౌంటర్ మీద డిస్‌ప్లే వస్తే చాలు, గుమ్మం దాటాక మీ ఖర్మ.

పెంటియం 100 ఉన్న సాకెట్ 7 (ఆ తరం ప్రాసెసర్లు కూర్చునే గూడు) బోర్డుకి అప్పట్లో తేలికైన అప్‌గ్రేడ్ పెంటియం ఎంఎంఎక్స్ 200 గానీ 233 గానీ. ఇక్కడే చాలా బోర్డులు పోయాయి, కారణం వోల్టేజీ. పాత పెంటియంకి మొత్తం చిప్‌కి కలిపి 3.3 వోల్టులు. ఎంఎంఎక్స్‌కి కోర్‌కి 2.8, బయటి కాళ్లకు 3.3, అంటే రెండు వేర్వేరు సరఫరాలు. బోర్డు మాన్యువల్‌లో ‘డ్యూయల్ వోల్టేజ్’ అన్న మాట లేకపోతే ఎంఎంఎక్స్ వైపు చూడకూడదు. 3.3 ఎక్కించినా డిస్‌ప్లే వస్తుంది, విండోస్ కూడా తెరుచుకుంటుంది. హీట్ సింక్ మీద వేలు పెట్టినవాడికి తెలుస్తుంది సంగతి. కాబట్టి ముందు వోల్టేజీ జంపర్, తర్వాత ప్రాసెసర్, ఆ తర్వాతే కరెంటు. ఈ వరస తప్పకూడదు.

233 కొన్నవాళ్లను తికమకపెట్టిన సంగతి ఇంకోటి. దానికి కావాల్సింది 3.5 రెట్లు, బోర్డు మీద చూస్తే 3తో ఆగిపోయేది. సమాధానం విచిత్రం: జంపర్‌ని 1.5 మీద పెట్టాలి. 1.5 సంకేతం వస్తే ఆ చిప్ దాన్ని 3.5గా తీసుకుంటుంది. ఇంటెల్ పోటీదారు ఏఎండీ చేసిన కే6-2లో కొత్త రకాలు ఇదే పద్ధతిలో 2ని 6గా చదువుకునేవి. అందుకే 66 తప్ప ఇంకో బస్ తెలియని ముసలి బోర్డు మీద కూడా 66 ఇంటూ 6, అంటే 400 నడిచేది. అయితే దానికి కోర్ వోల్టేజీ 2.2. మీ బోర్డు 2.8 కంటే కిందికి దిగకపోతే ఆ ఆశ వదులుకోవడమే మేలు.

ఏటీ క్యాబినెట్ (ఆ పాత రకం పెట్టె) విప్పేవాళ్లకు రెండు జాగ్రత్తలు. పీ8, పీ9 అనే రెండు పవర్ కనెక్టర్లు బోర్డుకి గుచ్చేటప్పుడు నల్ల వైర్లు రెండింటివీ మధ్యలో పక్కపక్కనే రావాలి. తిరగేస్తే బోర్డు అక్కడికక్కడే పోతుంది. రెండోది, ముందున్న పవర్ స్విచ్‌కి వచ్చేది 5 వోల్టులు కాదు, గోడ ప్లగ్గులో ఉండే 230 వోల్టులే. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్గు పీకకుండా చెయ్యి పెట్టకూడదు.

ర్యామ్ విషయంలో ఒక ఎదురు దెబ్బ ఉండేది. ఇంటెల్ 430టీఎక్స్, వీఎక్స్ చిప్‌సెట్ల బోర్డుల్లో ఎల్2 క్యాష్ (ప్రాసెసర్‌కి ర్యామ్ కంటే త్వరగా అందే చిన్న మెమరీ) పనిచేసేది మొదటి 64 ఎంబీకి మాత్రమే. విండోస్ 95, 98లు మెమరీని పైనుంచి వాడుకుంటూ వస్తాయి. ఎంతో ముచ్చటపడి 128 ఎంబీ చేయిస్తే ముందుగా నిండేది క్యాష్ అందని భాగమే. డబ్బు పోసి సిస్టమ్‌ని నెమ్మది చేసుకోవడమన్నమాట. ఆ బోర్డుల మీద 64 దగ్గర ఆగినవాడే తెలివైనవాడు.

వేగం పెరిగితే పాత సాఫ్ట్‌వేర్ కూడా మొరాయించేది. కే6-2 350, అంతకంటే పైవాటి మీద విండోస్ 95 బూట్ అవుతూనే ‘విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్’ అని కూలబడేది. ప్రాసెసర్ చెడిపోయిందని దుకాణానికి తిరిగినవాళ్లు ఎంతోమంది. తప్పు విండోస్‌లోని టైమింగ్ లూప్‌ది. ఏఎండీ ఒక చిన్న ప్యాచ్ ఇచ్చింది, విండోస్ 98తో ఆ గొడవ పోయింది. టర్బో పాస్కల్‌లో సీఆర్‌టీ యూనిట్ వాడి రాసిన ప్రోగ్రాములు ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోయేవి. ఫాక్స్‌ప్రో, క్లిపర్ బిల్లింగ్ ప్యాకేజీలదీ అదే జబ్బు. ఫలానా పని ఎంత సేపట్లో అయిందో కొలిచి దాంతో భాగిస్తారు, వేగం ఎక్కువై ఆ సమయం సున్నా అయ్యేసరికి ‘డివైడ్ బై జీరో’. బేగంబజార్‌లో లెక్కలు రాసుకునే సిస్టమ్‌ని అప్‌గ్రేడ్ చేసేముందు, మీరు ఏ ప్యాకేజీ వాడతారని అడగకుండా ప్రాసెసర్ మార్చేవాడు సగం పనివాడే.

ఇక 300ఏ. 1998 ఆగస్టులో వచ్చింది. దానికి ముందొచ్చిన సెలెరాన్ 266, 300లకు ఎల్2 క్యాషే లేదు, ఆ పేరు వింటేనే మొహం చిట్లించేవాళ్లు. 300ఏలో 128 కేబీ క్యాష్‌ని చిప్ మీదే పెట్టారు, అదీ ప్రాసెసర్ వేగంతో సమానంగా నడిచేది. అదే సమయంలో ఖరీదైన పెంటియం 2లో 512 కేబీ ఉన్నా అది సగం వేగమే. 300ఏ మల్టిప్లయర్‌ని ఇంటెల్ 4.5 దగ్గర తాళం వేసేసింది. బస్‌ని మాత్రం వెయ్యలేదు. 66ని 100 చేస్తే 450, అంటే అప్పటి పైమోడల్ పెంటియం 2 వేగం, అందులో కొద్ది వంతు ధరకి.

ఇందులోని కిటుకు చాలామందికి ఆలస్యంగా అర్థమైంది. 66 నుంచి 100కి దూకడం, 66 నుంచి 83కి జరగడం కంటే క్షేమం. వినడానికి తలకిందులుగా ఉంటుంది. అదనపు కార్డులు గుచ్చే పీసీఐ స్లాట్లకు, హార్డ్ డిస్క్ కంట్రోలర్‌కి కావాల్సింది 33. బస్ 66 ఉంటే బోర్డు దాన్ని రెండుతో భాగించి 33 ఇస్తుంది. 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులో బస్ 100 పెట్టగానే భాగహారం మూడుకి మారుతుంది, మళ్లీ 33. డిస్‌ప్లే కార్డు కూర్చునే ఏజీపీ కూడా 66 దగ్గరే ఉంటుంది. అంటే హద్దు దాటింది ప్రాసెసర్ ఒక్కటే, మిగతా సామానంతా తన వేగంతోనే నడుస్తోంది. 83 పెడితేనో? భాగహారం రెండు దగ్గరే ఉండిపోతుంది, పీసీఐకి 41.5 పడుతుంది. దాంట్లో నాలుగో వంతుతో నడిచే పాతరకం ఐఎస్ఏ స్లాట్‌కి 10కి పైగా. సౌండ్ కార్డు గరగరలాడుతుంది, నెట్‌వర్క్ కార్డు కనిపించకుండా పోతుంది. అవి కనీసం కంటికి, చెవికి తెలిసే జబ్బులు. హార్డ్ డిస్క్ మాత్రం చప్పుడు చెయ్యకుండా తప్పు రాసుకుంటూ పోతుంది. వారానికి విండోస్ రిజిస్ట్రీ పాడైందంటుంది, ఫార్మాట్ కొడతారు, మళ్లీ వారానికి అదే. 440ఎల్ఎక్స్ బోర్డులో 300ఏ వేసి 83తో 375 లాగినవాళ్లంతా ఈ బాధ పడినవాళ్లే. వైరస్ అనుకున్నవాళ్లే ఎక్కువ.

బోర్డులన్నీ 100 పెట్టుకోనిచ్చేవి కావు. అబిట్ బీహెచ్6లో బయాస్ లోపలే బస్ మార్చుకునే సాఫ్ట్‌మెనూ ఉండేది, ఆసుస్ పీ2బీలో జంపర్లు. ఇంటెల్ సొంత బోర్డుల్లో అవేవీ లేవు, ప్రాసెసర్ ఏం చెబితే బస్ అది. ఆ చెప్పే పని స్లాట్ 1 కార్డు (300ఏ ఇలా కార్డు రూపంలో బోర్డు మీది పొడవాటి గాడిలో కూర్చునేది) అంచు మీద బీ వైపున 21వ కాలిది. 66 ప్రాసెసర్లలో అది గ్రౌండ్‌కి కలిపి ఉంటుంది, బోర్డు దాన్ని చూసి 66 ఇస్తుంది. ఆ ఒక్క కాలికి స్లాట్ తగలకుండా చేస్తే బోర్డు దీన్ని 100 ప్రాసెసర్ అనుకుంటుంది. పని అంతా చేతివాటం మీదే. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మందం ఎక్కువ, స్లాట్‌లోకి దిగేటప్పుడు చుట్టుకుపోయి పక్క కాలిని కూడా మూసేస్తుంది. పల్చటి టేపుని బ్లేడుతో కాలి వెడల్పుకే సన్నగా కోసి, కింది అంచు దగ్గర కొద్దిగా పైకే ఆపి అతికించాలి. గోళ్ల రంగు ఒక చుక్క వేసి ఆరబెట్టిన పద్ధతి కూడా నడిచింది, కాకపోతే రెండు మూడుసార్లు పీకి పెడితే అది గీసుకుపోతుంది. కుదరకపోతే టేపు తీసెయ్యడమే, ఏమీ చెడదు. కాళ్లు లెక్కపెట్టేటప్పుడు రెండుసార్లు లెక్కపెట్టడం, కార్డు ఏ వైపు పట్టుకున్నామో చూసుకోవడం ముఖ్యం.

ర్యామ్‌కి కూడా 100 తట్టుకునే శక్తి ఉండాలి. చిప్‌ల మీద నంబరు చివర -8 ఉంటే ధైర్యంగా ఉండొచ్చు. -10 ఉంటే బయాస్‌లో క్యాస్ లేటెన్సీ (ర్యామ్ జవాబివ్వడానికి తీసుకునే గడువు) 3 పెట్టి ప్రయత్నించాలి, అయినా ఒప్పుకోకపోతే 100 బస్‌కి చేసిన పీసీ100 స్టిక్ కొనడమే. డిస్‌ప్లే రాకపోతే ముందు చేసేది అందరికీ తెలిసిందే, ర్యామ్ తీసి కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం. నవ్వుకున్నా, సగం కేసులు అక్కడే తేలిపోయేవి.

సీటీసీలో 300ఏ కొనేవాళ్లు కౌంటర్ దగ్గర ఎస్ఎల్2డబ్ల్యూఎం అన్న నంబరు కోసం వెతికేవాళ్లు. మలయ్ (మలేషియా తయారీ) అని అచ్చున్నవి మంచివా, కోస్టారికావా అని వాదనలు. నంబర్ల కంటే గట్టి పరీక్ష ఒకటే: “భాయ్, 100 మీద లేపి చూపిస్తేనే తీసుకుంటా.” కొందరు లేపి చూపించేవాళ్లు, దానికి వంద రెండొందలు ఎక్కువ పుచ్చుకునేవాళ్లు. అది న్యాయమైన బేరమే. తక్కువ వేగం చిప్ మీద ఎక్కువ వేగం అచ్చేసి అమ్మే రీమార్క్ సరుకు కూడా తిరిగిన రోజులవి. ఇక్కడ మనం చేతులారా చేసే పనే అక్కడ ఎవడో ముందే చేసి, ఆ తేడా డబ్బు జేబులో వేసుకునేవాడు.

డిసెంబరులో 450 మీద హాయిగా నడిచిన సిస్టమ్ ఏప్రిల్ చివరికి హ్యాంగ్ అవడం మొదలుపెడుతుంది. కారణం కూడికే. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 50 చూపిస్తే, గది 40 అయిన రోజున అదే పనికి అది 65. హీట్ సింక్ చల్లబరచదు, వేడిని గదిలోకి తోస్తుంది. గదే వేడెక్కితే అది చేసేదేముంది? అప్పుడు ఎక్కువమంది చేసే పని, స్థిరత్వం కోసం వోల్టేజీ పెంచడం. అది మంటని పెంచడమే. వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. 300ని 450 చేస్తే ఒకటిన్నర రెట్లు. దానికి తోడు 2.0ని 2.2 చేస్తే ఇంకో 21 శాతం. మొత్తం 1.8 రెట్లు దాటుతుంది. మే నెలకి సరైన మందు వోల్టేజీ తగ్గించడం, అది కుదరకపోతే బస్‌ని 100 నుంచి మళ్లీ 66కి దించి జూన్ వానల కోసం ఆగడం. చాలా ఇళ్లలో అదే జరిగేది, పైకి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

ఫ్యాన్‌ని ఏడాదికోసారైనా విప్పి దుమ్ము దులపాలి. రెక్కల మధ్య కనబడే దుమ్ము కాదు, ఫ్యాన్ కింద హీట్ సింక్ మీద దుప్పటిలా పేరుకున్నది. తెల్ల పేస్ట్ ఎండి పెళుసైతే స్పిరిట్‌తో తుడిచి కొత్తది వెయ్యాలి. కొత్తవాళ్లు ట్యూబ్‌లో సగం పిండేవాళ్లు. పేస్ట్ పని రెండు లోహాల మధ్య గాలి సందులు పూడ్చడం వరకే, మందంగా పూస్తే అదే అడ్డం.

హ్యాంగ్ అయ్యే తీరుని బట్టి జబ్బు చెప్పొచ్చు. అసలు డిస్‌ప్లేనే రాకపోతే ప్రాసెసర్ ఆ వేగం ఒప్పుకోవడం లేదు. బయాస్ సెట్టింగులు చెరిపే సీమాస్ క్లియర్ జంపర్ మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. బూట్ అయి, పెద్ద జిప్ ఫైల్ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (డేటా సరిగా లేదన్న హెచ్చరిక) వస్తే ర్యామ్ మీద అనుమానం. అరగంట బాగా నడిచి ఆగిపోతే వేడి. సీడీ డ్రైవ్ గిర్రున తిరగడం మొదలవగానే రీస్టార్ట్ అయితే ఎస్ఎంపీఎస్, అంటే క్యాబినెట్ లోపలి కరెంటు సరఫరా డబ్బా. క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 300 వాట్లని స్టిక్కరుంటుంది, చేత్తో ఎత్తి చూస్తే తేలిగ్గా వచ్చేస్తుంది. మల్టీమీటరుని హార్డ్ డిస్క్ కనెక్టరు ఎర్ర, నల్ల వైర్ల మధ్య పెట్టి, సిస్టమ్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు చూడాలి. 5 వోల్టులుండాల్సింది 4.75 కంటే దిగితే ప్రాసెసర్‌ని తిట్టి లాభం లేదు. పరీక్షకి, ప్రాసెసర్‌ని గట్టిగా పనిచేయించే ప్రైమ్95 టార్చర్ టెస్ట్ రాత్రంతా కాదు, మధ్యాహ్నం పూట పెట్టాలి. రాత్రి పాసైన సిస్టమ్ మధ్యాహ్నం ఫెయిలవడం మన ఊళ్లో మామూలే.

తర్వాత స్లాకెట్ కార్డులొచ్చాయి. సాకెట్ 370 ప్రాసెసర్‌ని స్లాట్ 1 బోర్డులో కూర్చోబెట్టే ఆ కార్డు మీదే బస్, వోల్టేజీ జంపర్లు ఉండేవి, టేపు గొడవ పోయింది. 2000లో వచ్చిన సెలెరాన్ 566ని 100 బస్ మీద 850 చేసుకున్నారు. దానికి 1.5 వోల్టులు కావాలి. తొలి స్లాట్ 1 బోర్డులు కొన్ని 1.8 కంటే దిగవు, అది ముందే చూసుకోవాలి. బయాస్ అప్‌డేట్ కూడా తప్పేది కాదు. ఫ్లాపీ నుంచి బయాస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు పని అంతే, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టేవాడికి దండం.

ఏఎండీ డ్యురాన్ది ఇంకో లోకం. చిప్ మీద ఎల్1 అని రాసి ఉన్న చోట వరసగా చిన్న చిన్న బంగారు చుక్కల జతలుంటాయి. వాటిని మెత్తటి 2బీ పెన్సిల్‌తో జతకి జత కలిపితే మల్టిప్లయర్ తాళం ఊడిపోయేది. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కదా. గీత పక్క జతకి తగలకూడదు, తగిలితే స్పిరిట్‌తో తుడిచి మళ్లీ. అక్కడిదాకా సరదాగానే ఉంటుంది. అసలు ప్రాణసంకటం హీట్ సింక్ బిగించడం. డ్యురాన్ కోర్‌కి పైన లోహపు మూత లేదు. బల్లపరుపుగా దించకుండా ఒక పక్క ముందు నొక్కితే కోర్ మూల చిట్లుతుంది. హీట్ సింక్ అడుగున ఒక అంచు గాడిలా తగ్గించి ఉంటుంది, ఆ వైపు సాకెట్‌లో ఎత్తుగా ఉండే భాగం మీదికి రావాలి. తిప్పి పెడితే సింక్ కోర్‌ని తాకదు. ఆ తరం డ్యురాన్, అథ్లాన్‌లకు వేడెక్కితే తమంతట తామే ఆగే ఏర్పాటు లేదు, స్విచ్ వేసిన కొన్ని క్షణాల్లో కాలిన వాసన. క్లిప్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కేటప్పుడు జారితే బోర్డు మీది సన్నని రాగి గీతలు తెగుతాయి. కింద మడత పెట్టిన అట్టముక్క ఒకటి పెట్టుకుంటే సరిపోయేది.

2003లో వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్‌ని బస్ 166 నుంచి 200కి పెంచి 3200 ప్లస్ చేసుకోవడం ఈ వంశంలో చివరి పెద్ద పండగల్లో ఒకటి. 11 ఇంటూ 200, 2200. పెన్సిల్ లేదు, టేపు లేదు, మంచి డీడీఆర్400 ర్యామ్ ఉంటే చాలు. సులువు కాబట్టి చెప్పుకోవడానికీ పెద్దగా ఏం లేదు.

అటక మీద ఇంకా ఆ కాలపు బోర్డు ఉన్నవాళ్లకు. స్విచ్ వెయ్యకముందు సాకెట్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చూడండి. ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా ముందు వాటిని మార్చాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి, కానీ ‘లో ఈఎస్ఆర్, 105 డిగ్రీలు’ అని, అంటే లోపలి నిరోధం తక్కువగా ఉండి వేడికి తట్టుకునే రకమని, నొక్కి అడగాలి. మామూలు 85 డిగ్రీల రకం అక్కడ ఎక్కువ కాలం ఉండదు. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజీ అదేగానీ కొంచెం ఎక్కువగానీ, తెల్ల గీత ఉన్న మైనస్ కాలు అదే రంధ్రంలోకి. బోర్డు లోపలి గ్రౌండ్ పొర వేడిని పీల్చేస్తుంది, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో సీసం కరగదు, బలవంతంగా లాగితే రంధ్రంలోని రాగి ఊడొస్తుంది. 60 వాట్లది తీసుకోండి. సీఆర్2032 సెల్ కొత్తది వెయ్యండి, లేకపోతే పెట్టిన సెట్టింగులన్నీ పొద్దున్నకి పోతాయి. మొదటి బూట్ 66 మీదే చెయ్యండి, 100 సంగతి డిస్‌ప్లే వచ్చాక చూసుకోవచ్చు.